ఉస్తాద్ గారి రెండు పెట్టెలు

గద్వాలలో నాకు కీబోర్డు నేర్పిన ఉస్తాద్ ఈ నెల మొదట్లో దవాఖానలో కన్నుమూశారు. కబురు వినగానే వనపర్తిలో బస్సెక్కాను. దారంతా ఏడ్చి, ఆయన గుమ్మం ముందు కళ్లు తుడుచుకున్నాను. ముక్కు చీదుతూ వచ్చినవాళ్లకు ఆయన పాఠం చెప్పేవారు కాదు.

ఆయన దగ్గర ఓ పాత సౌండ్ మాడ్యూల్ ఉండేది. కీబోర్డు పంపే ఆదేశాలను వాద్యాల ధ్వనులుగా మార్చే పెట్టె. హెడ్‌ఫోన్ రంధ్రం లేదు, గొంతులో కొంచెం గరగర. ఆదేశాలు గబగబా పంపితే బిగుసుకుపోయేది. "జర ఆగు బేటా. ముద్ద మింగినంకనే ఇంకో ముద్ద పెట్టాలె" అనేవారు.

అది మరీ మొరాయిస్తుంటే హైదరాబాదులో అదే పేరున్న పెట్టెను సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. వెనక హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే తేడా అనుకున్నాం. అది తర్వాత వచ్చిన రకమని తెలియక నేరుగా శ్రీరంగాపూర్ ఉత్సవానికి పట్టుకుపోయాం. పాత పెట్టె గరగరను నమ్ముకొని ఆయన తయారుచేసిన సన్నాయి, కొత్తదాని నున్నటి గొంతులో పిల్లల పీపీలా పలికింది. జనం ఒకటే నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది.

"పెట్టెను తిట్టకు. ఇనకుండ తెచ్చిన, తప్పు నాది" అన్నారాయన. మర్నాటి నుంచే రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఫ్లాపీల్లోని పాటలను ఒక్కొక్కటే కొత్తదానికి తగ్గట్టు దిద్దసాగారు. సగం అయ్యేసరికి మంచాన పడ్డారు.

"మిగిలినయి నువ్వు చెయ్యి" అన్నారు దవాఖానలో.

"నాతోని కాదు ఉస్తాద్."

"చెవులున్నయి గద? మరి ఎందుకు కాదు?"

ఆయన పోయేనాటికి మల్దకల్ ప్రోగ్రాంకు పన్నెండు రోజులే ఉన్నాయి. కర్నూలు నుంచి ఇంకో మనిషిని పిలుద్దామన్నాడు మా ఆర్కెస్ట్రా పెద్ద. "ఎవర్నీ పిలవకు అన్నా, నేనే వాయిస్త" అన్నాను. భయం లేక కాదు. ఆయన పాటలు మళ్లీ నవ్వులపాలు కావడం నేను భరించలేను. రోజూ పొద్దున్నే రెండు పెట్టెల ముందు కూర్చున్నాను. పాతది ఆగిపోయినప్పుడల్లా మళ్లీ ఆన్ చేసి విన్నాను, కొత్తదాన్ని దిద్దాను. ఇంత పని నా నెత్తిన పెట్టి పోయారని ఆయన మీద కోపం కూడా వచ్చింది. అయినా ఒక్క పాటా వదల్లేదు.

మల్దకల్‌లో సన్నాయి సన్నాయిలాగే పలికింది. చివర్లో గాయకుడు వాద్యగాళ్ల పేర్లు చెబుతూ, ఏళ్లనాటి అలవాటు కొద్దీ "కీబోర్డు మీద, మన ఉస్తాద్!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

జనం స్టేజీ వైపు చూస్తున్నారు. నేను లేచి నిలబడి చెయ్యెత్తాను.