ఖాకీ అట్టల పుస్తకాలు

చాంద్రాయణగుట్టలో నేనెక్కేసరికే బస్సు నిండిపోయి ఉండేది. నయాపూల్ దాకా నిలబడే ప్రయాణం. నిలబడ్డవాళ్ల సామాను కూర్చున్నవాళ్లు ఒళ్లో పెట్టుకోవడం మా బస్సులో మామూలే. నా టిఫిన్ డబ్బా, పుస్తకం రోజూ ఒకే పెద్దామె ఒళ్లోకి చేరేవి. ఆమె దవాఖానలో ఆయా. నాకంటే ముందు స్టాపులో ఎక్కేది కాబట్టి ఆమెకు సీటు ఖాయం. నాకా అదృష్టం ఏనాడూ పట్టలేదు.

ఆ మాటకొస్తే ఆ రోజుల్లో నాకేదీ కలిసిరాలేదు. నయాపూల్ దగ్గర ఓ ఆఫీసులో తాత్కాలికంగా టైపిస్టును. టైపు పరీక్ష పాసైతేనే పర్మనెంటు, లేకపోతే ఎప్పటికైనా ఇంటికే. అప్పటికే రెండుసార్లు తప్పాను. మిల్లు మూతపడి నాన్న ఇంట్లో కూర్చున్నాడు. పొయ్యి నా జీతం మీదే వెలిగేది. ఒంట్లో సత్తువ మిగలని ఆ ఏళ్లలో నన్ను నిలబెట్టినవి అద్దెకు తెచ్చుకున్న నవలలే. రెండు మూడు రోజులకోసారి మార్చేదాన్ని. దుకాణంవాడు అన్నిటికీ ఒకే రకం ఖాకీ అట్ట వేసేవాడు, పైన పేరైనా ఉండేది కాదు.

పెద్దామె రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుందట. నేను మడత పెట్టిన పేజీ తెరిచి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ, నయాపూల్ వచ్చేలోగా ఒక పేజీ చదివేది. నాకు నవ్వొచ్చేది, పేజీ నలుగుతోందని చిరాకూ వేసేది.

మూడోసారీ పరీక్ష తప్పిన మర్నాడు డబ్బా ఒక్కటే ఇచ్చాను.

"పుస్తకమేది బిడ్డా?"

"ఇగ తేను పెద్దమ్మా. మళ్ల ఫెయిలైన. మస్తు అలిసిపోయిన. ఇగ పరీక్ష గిట్ల ఏం రాయ."

"గట్లంటే ఎట్ల? ఆ పిల్ల సంగతేంది మరి?"

"ఏ పిల్ల?"

"నీ పుస్తకంల పిల్ల! మొగడు ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండు. ఆ ఎన్క ఏట్ల దునికింది, సచ్చిందే అనుకున్న. మొన్న చూస్తే బడిల పాఠం చెప్తుంది. గడిగడికి పేరు మార్చుకుంటది గని, ఏమైనా మళ్ల లేస్తది. పొద్దుగాల నా మోకాళ్లు లేవనంటయి. గామె లేసినంక నేను పండుకుంటె ఎట్ల?"

అట్ట ఒకటే గానీ లోపలి కథలు వేరు, ఏట్లో పడ్డామె మళ్లీ లేవలేదు అని చెప్పబోయాను. ఆమె మొహం చూసి మానుకున్నాను. ఏడుపొచ్చింది.

నయాపూల్ వచ్చింది. డబ్బా చేతికిస్తూ అడిగింది, "రేపు తెస్తవు గద?"

"తెస్త."

సాయంత్రం కాళ్లు పీకుతున్నా తిన్నగా ఇంటికి పోలేదు. ముందు టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి మళ్లీ పేరు రాయించుకున్నాను. తర్వాత అద్దె పుస్తకాల దుకాణానికి పోయి, కడదాకా బతికుండే ఆడపిల్ల కథ ఏదైనా ఉంటే ఇవ్వమని అడిగాను.