సూదమ్మ కూతురి నెత్తురు

సూదమ్మ అసలు పేరు ఆసుపత్రి గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పద్దెనిమిదేళ్ళుగా ల్యాబ్‌లో నెత్తురు తీస్తోంది. చెయ్యి మెత్తన, నోరు గట్టి. పరగడుపున వచ్చిన మనిషి నెత్తురు మిషన్లో తిప్పాక పైన లేత పసుపు నీరు తేలాలి. పాలలా తెల్లగా తేలిందంటే తిని వచ్చినట్టే లెక్క. ఆ ట్యూబు పారబోసి, మనిషిని పిలిచి అందరి ముందూ దులిపేసేది. "మీరు అబద్ధం ఆడొచ్చు గానీ మీ నెత్తురు ఆడదు" అనేది. బెంచీ మీదున్న వాళ్ళంతా కిసుక్కున నవ్వేవారు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, ఆ తెలుపు ఆమె ఇంటికే వచ్చింది. పదకొండేళ్ళ కూతురు నెలకోసారి కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. డాక్టరు పరగడుపున నెత్తురు చూడమంటే తల్లే తీసింది. తెల్లగా తేలింది.

"పొద్దున్నే ఏం తిన్నావే?"

"ఏం తినలేదమ్మా."

"వెన్నడబ్బా ఎలా తరిగిపోతోందో నాకు తెలీదనుకున్నావా?"

వెన్న తింటున్నది తండ్రి. ఆయన నోరు మెదపలేదు. మెదిపితే తన వాటా తిట్లు తనకి దక్కుతాయని ఆయనకి తెలుసు.

వారం తర్వాత మళ్ళీ తీసింది. మళ్ళీ తెలుపే. ఈసారి పిల్ల చెంప ఛెళ్ళుమంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, ఇక్కడ ఏమీ తాగకుండానే పిల్ల దొంగయి కూర్చుంది. సూదమ్మ రెండు ట్యూబులూ పారబోసి, డాక్టరుతో మాత్రం "ఇంకా తియ్యలేదండీ" అంది. ఊరందరినీ దులిపే మనిషికి తన కూతురే తిని వచ్చిందని చెప్పుకోవడం నామోషీ. ఆ నామోషీకి రెండు నెలలు పోయాయి. ఈలోగా నొప్పి ఇంకో రెండుసార్లు వచ్చింది.

చివరికి పంతం పట్టింది. సాయంత్రమే వంటింటికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని, పిల్లని పక్కలో పడుకోబెట్టుకుంది. తెల్లారగానే ల్యాబ్‌కి తీసుకెళ్ళింది. మిషన్ ఆగాక చూస్తే, గ్లాసులో పోస్తే పాలే అనుకునేంత తెలుపు. స్టూలు మీద కూలబడింది.

ఇంకొన్ని పరీక్షలయ్యాక డాక్టరు విడమరిచి చెప్పారు. తిన్న కొవ్వుని నెత్తురులోంచి తీసేసే ప్రొటీన్ ఒకటి పిల్లకి పుట్టుకతోనే లేదు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం, లోపం రెండు వైపుల నుంచీ వచ్చింది. ఆ కొవ్వు పేరుకున్నప్పుడల్లా కడుపులో క్లోమగ్రంథి వాచిపోతుంది, ప్రాణం మీదకి కూడా రావచ్చు.

"మందుల మీద ఆశ పెట్టుకోకండి. ఏ రూపంలో తిన్నా రోజుకి మూడు చిన్న చెంచాల కొవ్వు మించకూడదు. జీవితాంతం."

పారబోసిన ట్యూబులన్నీ సూదమ్మకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తను దులిపేసిన వాళ్ళలో నిజం చెప్పినవాళ్ళు ఎందరో ఇక తెలిసే దారి లేదు.

నెల తిరిగింది. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని, ఇన్నాళ్ళూ అనలేకపోయిన మాట అనేసింది.

"తప్పు నాదే తల్లీ. నువ్వెప్పుడూ దొంగతనంగా తినలేదు."

పిల్ల తలెత్తలేదు.

"అప్పుడు తినలేదమ్మా. తినాలని కూడా అనిపించేది కాదు. ఇప్పుడు నెయ్యీ నూనే వద్దన్నాక రోజంతా అదే ధ్యాస. ఇవాళ పక్కపిల్ల డబ్బాలోంచి పూరీలు తీసుకుని తిన్నాను. చాలా తిన్నాను."

సూదమ్మకి తిట్టు రాలేదు. పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, కడుపు మీద చెయ్యి వేసి, నొప్పి ఎప్పుడు మొదలవుతుందోనని కూర్చుంది.