బ్రేకక్క కుండీలో చిట్టి నారింజ

డ్రైవింగ్ స్కూల్లో ఆమెను అందరూ బ్రేకక్క అనేవారు. పద్దెనిమిదేళ్లుగా నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు మీద కుడికాలు ఆనించి బతికిన మనిషి. ఇంట్లో టీవీలో కారు మలుపు తిరిగినా ఆ కాలు నేలను తొక్కేది. ‘నెమ్మది’ అన్నది ఆమె ఊతపదం. భర్త గబగబా భోంచేస్తున్నా అదే మాట.

ఒక నర్సరీ యజమాని ఆమె దగ్గర నేర్చుకుని, ఆరుసార్లు పరీక్ష తప్పి, ఏడోసారి గట్టెక్కాడు. ఆ సంతోషంలో మోకాలెత్తు మొక్కను కుండీతో సహా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"తియ్య కుంక్వాట్ మేడమ్. నారింజకు చిట్టి చెల్లెలనుకోండి. బొటనవేలంత పండు, తొక్కతో సహా తినాలి."

"తొక్క పారేస్తే?"

"తీపంతా తొక్కలోనే. పారేసి నన్ను తిట్టుకోవద్దు. ఎండ బాగా తగలాలి. మట్టి ఆరాకే నీళ్లు పొయ్యండి. అంతే."

ఆ ఇంటి బాల్కనీలో ఎండ బాగా తగిలేది ఒక్కచోటే. అక్కడ అత్తగారి కుర్చీ ఉండేది. కుర్చీ రెండడుగులు జరిగింది, కుండీ వచ్చి కూర్చుంది. అత్తగారు ఆ రోజు నుంచి శాలువా కప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టింది, అందరికీ కనబడేలా.

మూడు నెలలకు మొక్క మొదట్లోంచి ఒక కొత్త పిలక లేచింది. లేవడమంటే మామూలుగా కాదు, వారానికి జానెడు. బ్రేకక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పెన్సిలుతో గోడమీద తేదీలు వేసి ఎత్తు గుర్తుపెట్టింది. పాత కారులోంచి తీసిన సీటు బెల్టుతో పిలకను కిటికీ ఊచకు కట్టింది. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడల్లా ఫోనులో దాని ఫోటోలు చూపించేది. మొక్కను మెచ్చుకుంటే ఆ పూటకి తిట్లు తగ్గుతాయని నేర్చుకునేవాళ్లు రెండు రోజుల్లో కనిపెట్టేశారు. లోకాన్నంతా నెమ్మది నెమ్మది అని ఆపే మనిషి, ఆ పిలకను మాత్రం ఒక్కనాడూ ఆపలేదు.

పిలకకు అంగుళమేసి ముళ్లు మొలిచాయి. ఆరేసిన తువ్వాలు చిరిగింది. ఆ తర్వాత శాలువా చిరిగింది.

"అమ్మాయ్, ఇది నారింజా, కాపలా కుక్కా?" అంది అత్తగారు.

"పండ్లిచ్చే చెట్టుకు ముళ్లుంటాయి అత్తయ్యా."

"తుమ్మచెట్టుకీ ఉంటాయి."

పాత కొమ్మలు ఒక్కో ఆకే రాల్చుకుంటుంటే, కొత్తదానికి దారి ఇస్తున్నాయని బ్రేకక్క సరిపెట్టుకుంది.

ఒక ఉదయం నర్సరీ యజమాని ఎరువు బస్తా ఇవ్వడానికి తన బండిలో వచ్చాడు. అతను బండి ఆపుతున్నంతసేపూ ఆమె బాల్కనీలో నిలబడి కాలితో నేలను తొక్కుతూనే ఉంది. అతను పైకొచ్చి, బస్తా దించి, చుట్టూ చూశాడు.

"కుంక్వాట్ ఏదీ మేడమ్?"

"ఎదురుగానే ఉందిగా."

అతను వంగి, కాండం మీద చీలమండంత ఎత్తులో ఉన్న బుడిపెను వేలితో చూపించాడు. "అంటు కట్టింది ఇక్కడ. దీనికి పైనున్నదే కుంక్వాట్. కిందది మొరటు మొక్క, గట్టి వేళ్లుంటాయని వాడతాం. మీరింత ప్రేమగా పెంచింది దాని పిలకని. ఆకులు చూడండి, కాడకు మూడేసి. కుంక్వాట్‌కి కాడకు ఒక్కటే."

"మరి నా కుంక్వాట్?"

పిలక వెనకాల, ఆరే ఆరు ఆకులతో వంగిపోయి ఉన్నదాన్ని చూపించాడు. "తిండంతా ఇది లాగేసుకుంటోంది మేడమ్."

అత్తగారు చిరిగిన శాలువాను అందరికీ కనబడేలా సర్దుకుంది. ముళ్లకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఇంకో నెల చూద్దాం, నెమ్మదిగా..."

"నేను ఎర్రలైటు దగ్గర ఆగకపోతే ఏం చేసేవారు మేడమ్?"

"బ్రేకు తొక్కేదాన్ని."

"తొక్కండి మరి," అంటూ కొమ్మలు కత్తిరించే కత్తెర చేతిలో పెట్టాడు.

ఆమె ముందు సీటు బెల్టు విప్పింది. తర్వాత పిలకను మొదలంటా కోసేసింది. అంత పొడవుదీ మడిచి చెత్తబుట్టలో కుక్కుతుంటే ముళ్లు చేతులంతా గీరాయి. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే భర్త సాయంత్రం వచ్చి, సంగతంతా విని, ఓదార్పుగా, "ఒకసారి నీ కళ్లు కూడా పరీక్ష చేయిద్దాం" అన్నాడు. ఆ పూట ఆయనకు టీ దొరకలేదు.

ఆమె రెండు రోజులు బాల్కనీ వైపు వెళ్లలేదు. మూడో రోజు వెళ్లేసరికి కుండీలో మట్టి తడిగా ఉంది. అత్తగారు అటువైపు చూడనట్టు కూర్చుని ఉంది.

మొక్క తేరుకోవడానికి ఏడాది పట్టింది. ఆ మరుసటి ఏడాది పూసింది, తొమ్మిది కాయలు నిలిచాయి. అవి పచ్చదనం వదిలి పసుపెక్కేదాకా అత్తాకోడళ్లిద్దరూ రోజూ లెక్కపెట్టుకున్నారు, ఎవరికి వారు, రెండోవారికి తెలియదనుకుంటూ.

మొదటి మూడూ పళ్లెంలో పెట్టుకుని కూర్చున్నారు. ఎంత చెప్పినా వినకుండా భర్త గోరుతో తొక్క వలిచేసి, లోపలిది నోట్లో వేసుకున్నాడు. ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది.

"పులుపే," అన్నాడు.

"తీపి పళ్లెంలో పడేసి పులుపంటావేంట్రా," అని అత్తగారు ఆ తొక్కలు ఏరుకుని తినేసింది. తర్వాత తన పండును తొక్కతో సహా వేసుకుని, నోట్లో మిగిలిన నాలుగు పళ్లతో ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పుతూ చాలాసేపు నమిలింది. బ్రేకక్క తన పండు చేతిలోనే పట్టుకుని ఆవిడ మొహం చూస్తూ ఉండిపోయింది.

"బాగుంది," అంది అత్తగారు.

ఇరవై ఏళ్లలో కోడలు పెట్టినదాన్ని ఆవిడ బాగుందనడం అదే మొదలు. అప్పుడు గానీ బ్రేకక్క తన పండు నోట్లో వేసుకోలేదు. వేసుకున్నాక, పండు తియ్యగా ఉందో, ఆ మాట తియ్యగా ఉందో తేల్చుకోలేకపోయింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే అత్తగారు కళ్లద్దాలు పెట్టుకుని కుండీ ముందు వంగుతుంది. అంటు కింద కొత్త పిలక తల ఎత్తిందంటే గోటితో గిల్లి, "దొంగ దొరికిందమ్మాయ్" అని వంటింట్లోకి కేక వేస్తుంది. ఏమీ దొరకని రోజున ఆవిడకు ఏమీ తోచదు.