రెండు పళ్ళ విభాగం

బండలాగుడు పోటీల్లో ఎడ్ల వయసుకు పళ్ళే ఆధార్ కార్డు. రెండు పళ్ళ జతకు తేలిక బండ, నాలుగు పళ్ళ జతకు బరువు బండ. మూడో పన్ను చిగురు చీల్చుకుని కాస్త కనిపించినా పై విభాగానికి వెళ్ళాల్సిందే. కోదాడ పక్కన ఒక ఊరి జాతరలో ఏటా ఈ పళ్ళు చూసే పని నాది. సూర్యాపేట నుంచి బస్సెక్కి సొంత ఖర్చుతో పోయేవాణ్ణి. న్యాయంగా చూస్తానని నాకు పేరు. ఆ పేరు చూసుకుని మురిసిపోయేవాణ్ణి కూడా.

కిందటేడు మా అక్క భర్త త్రిపురారం నుంచి తన జతను తెచ్చాడు. దూడలప్పటి నుంచి ఉలవలు పెట్టి, కాలువ గట్టు మీద మొద్దు లాగించి పెంచిన గిత్తలు. ఎడమ పక్క కట్టే దాపటిదాని పెదవి ఎత్తి చూశాను. మూడో పన్ను మొన తెల్లగా కనిపించింది.

"బావా, ఇవి పై విభాగం" అన్నాను.

ఆయన కూడా వేలు పెట్టి తడిమాడు. "రూల్ అంటే రూలే గద. పై దాంట్లనే రాస్కో" అన్నాడు. మొహం మాత్రం వాడిపోయింది.

ఆ వెంటనే మిర్యాలగూడ మిల్లు యజమాని జత వచ్చింది. అందులో ఒకదానికి మూడో పన్ను బావ గిత్తకన్నా ఎక్కువే బయటికొచ్చింది. అదే మాట చెప్పాను. ఆ ఏడు మొదటి బహుమతి మోటార్ సైకిల్ ఇస్తున్నది ఆ యజమానే. కమిటీ పెద్ద పరుగున వచ్చి వంగి చూశాడు.

"పన్నేంటండీ, జొన్నగింజ ఇరుక్కుంది" అన్నాడు.

నోరు కడిగించి చూద్దామన్నాను. "మైకులో పేరు కూడా చదివేశారు, కానివ్వండి" అన్నాడు. నలుగురిలో అరిచాను. నన్ను పక్కకు తప్పించి ఇంకొకణ్ణి నిలబెట్టారు.

జొన్నగింజ గెలిచింది. బహుమతి ఇచ్చినాయనే దాన్ని తిరిగి పుచ్చుకుని మెడలో దండ వేయించుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం బావ గిత్తలు బరువు బండకు దిగాయి. సగం దూరంలో దాపటిది మోకాళ్ళ మీద కూలబడింది. లేచింది గానీ ముందు కాలు నేలకు ఆనించలేదు. ఇక అది బండకు పనికిరాదన్నాడు పశువుల డాక్టరు.

దాన్ని డీసీఎం వ్యానులోకి ఎక్కించేటప్పుడు నేనూ ఓ చెయ్యి వేశాను. ఏదో ఒకటి చెప్పాలని, "వాళ్ళు అన్యాయం చేశారు బావా" అన్నాను.

బావ దాని మెడ నిమురుతూనే ఉన్నాడు. నా వైపు చూడలేదు.

"గది వాళ్ళకు అలవాటే గద బామ్మర్దీ. నువ్వు మాత్రం మనోళ్ళవి సక్కగ సూసినవ్."