కోరుట్లకు ఒక్క సవారీ

నా చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. షార్జాలో మా నాన్న ఒక అరబ్బు ఇంటికి డ్రైవరు, అమ్మ ఆ ఇంట్లోనే వంట చేసేది. వాళ్లు పనిలో ఉన్నంతసేపూ తమ్ముణ్ణి ఎత్తుకోవడం నా వంతు. యాభై దాటాక అక్షరాలు దిద్దాను కాబట్టి ఈ సంగతి ఇప్పుడు రాయగలుగుతున్నాను.

శుక్రవారం మధ్యాహ్నమైతే కూలీలుండే క్యాంపుల నుంచి మనవాళ్లంతా రోలా టాక్సీ స్టాండుకు వచ్చేవాళ్లు. ఎక్కడికో వెళ్లడానికి కాదు. ఊరి నుంచి ఎవరొచ్చారో, ఎవరు సెలవు మీద పోతున్నారో, ఎక్కడ పని దొరుకుతుందో అక్కడే తెలిసేది. నాన్న మమ్మల్నీ తీసుకువెళ్లేవాడు. ఒక శుక్రవారం ఆ జనంలో నాన్న చెయ్యి జారిపోయింది.

ఇల్లెక్కడో చెప్పడం నాకు రాదు. ఆ పెద్దింట్లో కాస్త గట్టిగా మాట్లాడితే అమ్మ నా నోరు మూసేది. అలవాటు కొద్దీ అక్కడ కూడా ఏడుపు బయటికి రాలేదు. "దుబాయ్, దుబాయ్" అని అరుస్తూ టాక్సీలు నింపే కడప చాచా నన్ను చూశాడు. మీ నాయన పేరేమని అడిగితే "నాన్న" అన్నాను. ఊరడిగితే "కోరుట్ల" అన్నాను.

చాచా నన్ను ఒక టాక్సీ బానెట్ మీద కూర్చోబెట్టి, దుబాయ్ పిలుపు ఆపేశాడు.

"కోరుట్ల, కోరుట్ల! ఒక్క సవారీ! యల్లా, రాండి, కోరుట్ల!"

జనం నవ్వారు. ఆ ఊరివాళ్లు కొందరు మాత్రం గబుక్కున వెనక్కి తిరిగి వచ్చారు.

"చాచా, సముద్రం మీదికెల్లి పోతదా నీ బండి?" అన్నాడు ఒకాయన.

"పోతాది. ముందు ఈ పాప ఎవురి బిడ్డో చెప్పు."

వాళ్లకూ తెలియదు. అయినా వెళ్లిపోలేదు. తలో వైపు నడుస్తూ వాళ్లూ "కోరుట్ల" అని పిలవసాగారు.

"నువ్వూ పిలువు బేటీ. నీ గొంతు మీ నాయన గుర్తుపడతాడు," అన్నాడు చాచా. మొదటిసారి గుసగుసగానే అన్నాను. రెండోసారి నా అరుపుకు నేనే ఉలిక్కిపడ్డాను.

నాన్న తమ్ముణ్ణి భుజాన వేసుకుని రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చాడు. కొడతాడనుకున్నాను.

"నీ పేరు వెట్టి మొత్తుకుంటనే ఉన్న బిడ్డా, ఒక్కలూ తిరిగి సూడలే," అన్నాడు, అంతే. చాచా అప్పటికే దుబాయ్ పోయే సవారీలను పిలుస్తున్నాడు.

ఇప్పటికీ కొత్త చోట దిక్కు తోచకపోతే నేను ఓ మూల నిలబడను. నాది ఫలానా ఊరని నలుగురికీ వినిపించేలా చెబుతాను. ఎవరో ఒకరు తిరిగి చూస్తారు.

నేను తప్పిపోయి దొరికిన ఆ మరునాడు పొద్దున, అమ్మ వంటింట్లో ఉండగా, మాటలు సరిగా రాని తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని మా ఊరి పేరు పలికించాను. ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అంటూ, వాడు అరిచేదాకా వదల్లేదు.