కృపమ్మ రాసిన పదకొండో రూలు

అనంతపురంలో మా జిరాక్స్ షాపు గోడకు అవతల రామాంజనేయులు మోటర్ల షాపు ఉంది. బోరుబావుల్లో దించే మోటర్లు, పైపులు, కేబుళ్లు అమ్ముతారు. గల్లాపెట్టె వెనక రామాంజనేయులు కూర్చుంటాడు, ఫోను వెనక కృపాకుమారి కూర్చుంటుంది. బోర్డు మీద ఎవరి పేరున్నా, పల్లెల్లో చాలామందికి అది కృపమ్మ షాపే. ఈ మాట రామాంజనేయులు ముందు అనకూడదు, అంటే ఆ రోజు టీ చెప్పడు.

కృపాకుమారి నల్లమాడ దగ్గర కూలికి పోయే ఇంట్లో పుట్టింది. కదిరిలో ఇంటర్ దాకా చదివింది. ఇరవై ఆరేళ్లప్పుడు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది, ఇప్పటికి పందొమ్మిదేళ్లు. భర్త లేడు. కూతురు జ్యోతి నర్సింగు రెండో సంవత్సరంలో ఉంది. ఇల్లు గడిచేది ఆ కుర్చీ మీదే.

పని వినడానికి చిన్నదే. రైతులు ఫోన్ చేస్తారు. ఎవరి దగ్గరికి ఎవర్ని, ఎప్పుడు పంపాలో ఆమె చెబుతుంది. పంపడానికి ఉన్నది ఇద్దరే. దేవేంద్ర కుర్రవాడు, బైకు మీద గాలిలా పోతాడు. సోమప్పకు యాభై ఏడేళ్లు, మోపెడ్ మీద పోతాడు. అరగంట పశువుల సంగతి మాట్లాడితే గానీ మోటరు మాట ఎత్తడు. ఎవర్ని ఎవరి దగ్గరికి పంపితే బేరం కుదురుతుందో కృపాకుమారికి తెలుసు. ఎలా తెలుసని ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఎప్పుడూ ఆలోచించలేదు.

మొన్న జనవరిలో రామాంజనేయులు బెంగళూరులో ఏదో ఎగ్జిబిషన్ చూసి వచ్చాడు. వారం తిరక్కముందే నరేంద్ర అనే అబ్బాయి ల్యాప్‌టాప్ పట్టుకుని దిగాడు. సోమందేపల్లె పిల్లవాడు, బెంగళూరు కంపెనీలో పని. ఇకమీదట షాపుకొచ్చే ఫోన్లూ వాట్సాప్ మెసేజీలూ అన్నీ ఏఐ వింటుందట, చదువుతుందట, ఎవరికి పంపాలో వాళ్ల ఫోనుకు నిమిషంలో పంపుతుందట. ఎవరికి పంపాలన్న రూళ్లు మాత్రం మనిషి రాయాలి.

"కోడింగూ గీడింగూ ఏం లేదక్కా. కొత్తగా పనికి వచ్చిన మనిషికి నువ్వెట్ల చెప్తావో, అట్లే తెలుగులో రాయి. అది చదువుకొని అట్లే చేస్తాది" అన్నాడు నరేంద్ర.

"తప్పు రాస్తే?" అని అడిగింది కృపాకుమారి.

"తప్పే చేస్తాదక్కా. దానికి ఎదురు చెప్పడం రాదు."

రామాంజనేయులు పక్కనుంచి నవ్వాడు. "ఇది కుదురుకుంటే నీకు రెస్టు కృపమ్మా."

"రెస్టంటే యేంది సార్?"

"ఈ సీజను కానీలే. చూస్సాం."

ఆ సాయంత్రమే ఆమె మా షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుంది. "మిషను బాగా చేస్తే నా కుర్చీ తీసేస్తాడన్నా. బాగా చెయ్యకపోతే నువ్వు సరిగా రాయలేదంటాడు. నేనేం చెయ్యల్ల?" అంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదీ వరస. మా జిల్లాలో నుయ్యి కూడా ఎండిపోయే ఉంటుంది కాబట్టి పడితే తడవం, నడుము విరుగుతుంది, అంతే తేడా.

రెండు రోజులు కూర్చుని పొడుగు నోటుబుక్కులో పద్నాలుగు రూళ్లు రాసింది. కాపీ తీయించడానికి నా దగ్గరికే తెచ్చింది. దస్తూరి ముత్యాల్లా ఉంది. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు ఫోన్లు దేవేంద్రకు. నల్లమాడ, కదిరి వైపు సోమప్పకు. కన్నడం మాట్లాడేవాళ్లు ఎక్కడివాళ్లైనా దేవేంద్రకే. ఈ రోజే కావాలన్నవాళ్లకు గంటలోపల ఫోన్ చేయాలి. నీళ్లు పడ్డాయన్నవాళ్లకు అంతకంటే ముందు. పదకొండోది ఇది: "ఊరికే అడుగుతున్నాం అన్నవాళ్లను అందరికంటే చివర పెట్టు. వేరే పని లేనప్పుడు సోమప్ప పలకరిస్తాడు."

అన్నీ చదివాను. బాగున్నాయన్నాను. నేనూ ఈ నేల మీద పుట్టినవాడినే, తప్పెక్కడుందో నాకూ తట్టలేదు. ఆమె కాగితం మీద ఆఫీసు మనిషిలా రాయాలనుకుంది, రాసింది. ఆఫీసు మనిషి ఎవరైనా అలాగే రాస్తాడు.

ఫిబ్రవరి ఒకటో తేదీన మిషను మొదలైంది. తిట్టడానికి నాకు నోరు రావడం లేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది. ఈ రోజే కావల్ల, ఇప్పుడే కావల్ల అన్నవాళ్ల దగ్గరికి దేవేంద్ర పరుగెత్తాడు. పోయి చూస్తే, వాళ్లు అదే మాట ఐదు షాపులకు చెప్పి ఉన్నారు, ఎవడు తక్కువకిస్తాడో చూస్తున్నారు. సోమప్పకు కూడా అలాంటివాళ్లే ముందు తగిలారు. ఊరికే అడిగినవాళ్ల దగ్గరికి ఆయన చేరనే లేదు. కృపాకుమారి ఫోను మోగడం మానేసింది. ఆమె బిల్లులు వరసపెట్టి, దుమ్ము తుడిచి, మళ్లీ బిల్లులు వరసపెట్టేది.

నిరుడు ఫిబ్రవరిలో అరవై మోటర్లు పోయాయి. ఈ ఫిబ్రవరి ఇరవైకి ఇరవై రెండే. రామాంజనేయులు మిషనును అనడానికి ఇష్టపడలేదు, డబ్బు పెట్టి తెచ్చుకున్న వస్తువు మరి. మిషను తెరమీద సోమప్ప పేరు పక్కన ఎర్రగా నూట నలభై మూడు అని ఉంది. పలకరించని వాళ్ల లెక్క అది.

"చూడు, మిషనే చెప్తాంది. ముసలోడైపోయినాడు, తిరగలేడు. నెలాఖరుకు పంపిచ్చేస్తా" అన్నాడు.

ఏం జరుగుతోందో కృపాకుమారికీ అప్పటికి అంతుపట్టలేదు.

మర్నాడు తిమ్మక్క వచ్చింది. నల్లమాడ పక్క పల్లె, అరవై ఏళ్ల మనిషి, మూడు వందల చీనీ మొక్కలు, అంటే బత్తాయి, పెట్టుకుంది. లోగడ రెండు మోటర్లు ఇక్కడే కొంది. జిల్లా ఆసుపత్రిలో కళ్లు చూపించుకోవడానికి వచ్చి, షాపు గుమ్మంలో నిలబడి కృపాకుమారిని ఎగాదిగా చూసింది.

"బతికే ఉండావా మేయ్? నువ్వు చచ్చిపోయినావేమో అనుకున్నా."

"ఎందుకట్ల అంటావు తిమ్మక్కా?"

"ఫోన్ చేస్తి గదా. ఏడున్నర హెచ్‌పీ యెంతుండాది, ఊరికే అడుగుతాండా అని చెప్తి. నువ్వు లేవు, యెవురో చెప్పండి చెప్పండి అనె. నీకు చెప్తారులే అనుకున్నా. ఎప్పుడూ మర్నాడే సోమప్పను తోలతాంటివి. ఈసారి యెవురూ రాల్య."

"బోరు వేసినావా?"

"ఎనిమిదొందల డెబ్బై అడుగులకు రెండించుల నీళ్లు పడ్నాయి. తొమ్మిది దినాలు చూసినా. నూటిరవై చెట్లు ఎండిపోయినాయి. ఇంక కాదని కదిరిలో మోటరు తెచ్చుకుంటి."

"అయ్యో తిమ్మక్కా, మోటరు కావల్లని ఒక్క మాట చెప్పింటే..."

తిమ్మక్క ఆమెను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "నీళ్లు పడకముందే మోటరు కావల్లని యెవురన్నా అంటారా? భూమి ఇంటాది. పడినాకైనా, మోటరు దించకముందే నీళ్లు పడ్నాయని చాటుకుంటే దిష్టి తగల్దా? నీకు తెలీందేముండాది?"

నిజమే, తెలియనిదేమీ లేదు. కృపాకుమారి ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి, శకునాలు పట్టించుకోదు. అయితే పందొమ్మిదేళ్లుగా ఊరికే అన్న ప్రతి గొంతునూ ఆమె మెల్లగా అడుగుతూ వచ్చింది: "ఏ ఊరు నాయనా? బోరు బండి వచ్చినాదా?" వచ్చిందంటే మర్నాడు సోమప్ప ఏదో పనిమీద పోతున్నట్టు ఆ దారిన పోయేవాడు. మోటరు మాట ఎవరూ ఎత్తకుండానే మోటరు అమ్ముడుపోయేది. చేసే పని చేతికి తెలుసు. రాయమన్నప్పుడు నోటుబుక్కులోకి రాలేదు.

ఆమె రోజున్నర కూర్చుని నూట నలభై మూడు మందికీ ఫోన్ చేసింది. డెబ్బై ఒక్కమంది అప్పటికే వేరేచోట మోటరు కొని దించేసుకున్నారు.

ఆ సాయంత్రం మళ్లీ నా స్టూలు మీద కూర్చుంది. చెప్తే తప్పు తనదవుతుంది, రూలు దిద్దగానే మిషను మంచిదైపోతుంది, కుర్చీ పోతుంది. చెప్పకపోతే సోమప్ప పోతాడు. నోరు మూసుకోమని చెబుదామని నా నోటిదాకా వచ్చింది. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, ఆ పూట నాకు సోమప్ప కంటే ఆమే ఎక్కువ. ఆమె నన్ను సలహా అడగలేదు. లేచి వెళ్లి రామాంజనేయులుతో చెప్పేసింది. గోడ పలుచన, అన్నీ వినిపిస్తాయి.

"అంటే మిషను మంచిదే. నువ్వే తప్పు రాసినావు."

"అవును సార్. సోమప్ప తప్పేం లేదు."

"సరే, దిద్దు. ఏప్రిల్ నుంచి ఫోను కాడ మనిషి అక్కర్లేదింక."

ఆమె దిద్దింది. ఊరికే అన్నవాళ్లనే అందరికంటే ముందు పెట్టు, ఊరేదో అడుగు, బోరు బండి వచ్చిందేమో అడుగు, వచ్చుంటే మర్నాడే ఆ దారిన మనిషిని పంపు. ఏమీ దాచుకోలేదు. తన పందొమ్మిదేళ్లూ ఆ నాలుగు ముక్కల్లో పెట్టి ఇచ్చేసింది.

మిషను మగ గొంతుతో చాలా మర్యాదగా అడిగింది. రైతులు ఫోన్ కట్ చేశారు. నాలుగు రోజుల్లో యాభై రెండు మందిలో జవాబు చెప్పింది ముగ్గురే. నరేంద్ర బెంగళూరు నుంచే మగ గొంతు తీసి ఆడ గొంతు పెట్టాడు. ఆ గొంతుకూ ఎవరూ చెప్పలేదు. చివరికి రామాంజనేయులు తానే ఫోను తీసుకుని ఒకాయన్ని అడిగాడు, బోరు బండి వచ్చినాదా అని.

"నువ్వెవురప్పా?" అని పెట్టేశాడాయన.

రామాంజనేయులు ఫోను బల్లమీద పెట్టి ఆమె వైపు జరిపాడట. తర్వాత, "ఊరికే అనేవాళ్లను యెవురికి తోలాల్నో నువ్వే రాసుకో" అన్నాడు. ఆమె పదకొండో రూలు కొట్టేసి, ఊరికే అన్నవాళ్లను కృపాకుమారికి పంపు అని తన పేరే రాసింది. సోమప్ప ఉన్నాడు, కుర్చీ ఉంది, మిషనూ ఉంది. ఎదురు చెప్పడం రాదు కాబట్టి నమ్మకంగా పంపుతోంది. మార్చిలో నలభై తొమ్మిది మోటర్లు పోయాయి.

ఉగాది వెళ్లిన వారం కృపాకుమారి తిమ్మక్కకు ఫోన్ చేసింది. నాతో చెప్పకుండా ఉండలేక మరునాడు చెప్పింది. మిషను సంగతి, రూళ్ల సంగతి అంతా తిమ్మక్కకు అర్థమయ్యేటట్టు చెప్పి, ఆ మాట రాసింది తానేనని కూడా చెప్పిందట. తిమ్మక్క తిడుతుందనుకుంటే తిట్టలేదట. తెలుసుకోవాలని అడిగినట్టే మెత్తగా అడిగింది.

"రాసేటప్పుడు నేను గుర్తుకు రాల్యదా మేయ్?"

"రాల్యదక్కా" అంది కృపాకుమారి.