నా పేరు కొట్టేసి గాజు పడవ ఎక్కమన్నారు

కోస్గి దగ్గర మా ఊళ్లో బావిలో బొక్కెన పడినా, మోటారు జారినా మా నాయినకే కబురొచ్చేది. నడుముకు తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుగుదాకా మునిగి, పడినదానికి కొక్కెం తగిలించి పైకొచ్చేవాడు. ఊరి నడుమ ఉన్న బావి నీళ్లు మేము చేదుకోవడానికి వీల్లేదు గానీ, అందులో బొక్కెన పడితే మాత్రం మా నాయినే కావాలి. ఏడేళ్లప్పుడు చేను బావిలో నా వీపుకు బెండ్లు కట్టి ఈత నేర్పింది కూడా ఆయనే. "అడుగున ఏముంటది నాయినా?" అని అడిగితే, "ఏం గనపడ్తది బిడ్డా, అంత చీకటే. చేతులే కండ్లు," అనేవాడు. బతుకంతా నీళ్ల అడుక్కి వెళ్లినవాడు అక్కడ ఏమీ చూడకుండానే పోయాడు. అందుకే మా ఆయనకు ఆఫీసులో ఎల్‌టీసీ ప్రయాణ ఖర్చు వచ్చినప్పుడు, ఈసారి లక్షద్వీప్ ఓడ ఎక్కుదామన్నాను. వెలుతురున్న నీళ్ల అడుగు ఒక్కసారి చూడాలి. నా కోరిక అంతే.

ఇలాంటి ప్రయాణం అనుకునేవాళ్ల కోసం నా లెక్క చెబుతాను. ఓడ మూడు ద్వీపాల దగ్గర ఒక్కో పగలు ఆగుతుంది. లోతు లేకపోవడం వల్ల దూరంగానే లంగరు వేస్తుంది, అక్కణ్ణుంచి చిన్న పడవల్లో దింపుతారు. ఉదయం ఎనిమిదికి మొదలైన దింపుడు తొమ్మిది దాకా సాగుతుంది. తిరిగి చివరి పడవ మూడున్నరకు. నడుమ భోజనం పోను చేతికి మిగిలేది ఐదు గంటలు. వీపున గాలి సీసా కట్టుకుని నీళ్ల అడుక్కి దిగే స్కూబాకు సాధన, దిగడం, ఆరబెట్టుకోవడం అన్నీ కలిపి రెండున్నర గంటలు కావాలి. మొదటి రోజు ఓడ ఊపుకు కడుపు కుదురుకోదు. మూడో ద్వీపం దగ్గర సముద్రం బాగా లేకపోతే ఆపకుండా వెళ్లిపోతారట. అందుకని రెండో ద్వీపం ఎంచుకున్నాను. అక్కడి స్కూబా కేంద్రానికి నెల ముందే నేనే మెయిల్ పెట్టాను. తొమ్మిదిన్నరకు నా పేరు రాసుకున్నామని, మనిషికి మూడున్నర వేలని జవాబొచ్చింది. వాళ్లు పంపిన ఆరోగ్య ఫారం నల్గొండలో మా డాక్టరమ్మతో సంతకం చేయించుకున్నాను.

నల్గొండలోనే మధ్యాహ్నం కేరళ రైలెక్కితే మర్నాడు మధ్యాహ్నానికి ఎర్నాకుళం. ఆ రాత్రి లాడ్జిలో పడుకుని, పొద్దున ఓడరేవుకు వెళ్లాం. మమ్మల్ని తీసుకెళ్లింది హైదరాబాద్ ట్రావెల్స్ వాళ్లు. వాళ్ల మేనేజరు నవ్వుతూనే ఉంటాడు, ఎవరు చెప్పేదీ వినడు. మొదటి ద్వీపం చూసి వచ్చిన సాయంత్రం ఓడలో మర్నాటి జాబితా అంటించారు. స్కూబాకు ఎనిమిది పేర్లు. నా పేరు మీద గీత, పక్కన మా ఆయన పేరు. నా పేరేమో కింద గాజు పడవ వరసలో ఉంది. అది అడుగున గాజు పెట్టిన పడవ. అందులో కూర్చుని చేపలను చూసి చప్పట్లు కొట్టాలి.

నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లాను.

"మీకెందుకు ఆంటీ ఈ రిస్కు? నలభై ఐదు దాటిన లేడీస్‌ను మేం గాజు పడవలోనే పెడతాం. సార్ దిగుతారు, మీరు ఫోటోలు తీద్దురు గాని."

"గా రూలు యాడుంది? సూపియ్యి."

"రూలంటే... మా పద్ధతి ఆంటీ. సార్‌ను అడిగే మార్చాను."

అప్పుడు వెనక్కి తిరిగి మా ఆయనను చూశాను. ఆయన సముద్రాన్ని చూస్తున్నాడు.

"నీకు ఈత వస్తదా?"

"రాదు."

"మరి నీ పేరెట్లెక్కింది?"

"ఆమెకు ఈత రాదు గద సార్ అన్నడు. నేనూకున్న. లొల్లెందుకని."

"నా పేరు కొట్టేస్తే లొల్లి గాదు, నేనడిగితే లొల్లా? ముప్పయ్యేండ్ల సంది ఇంట్ల ఉంటున్న గద, నాకు ఈతొస్తదో రాదో గూడ ఎర్కలేదా?"

ఆ రాత్రి భోజనంలో సాంబారు కూడా నాకు చేదుగానే అనిపించింది.

మర్నాడు తొమ్మిదింటికి ఒడ్డున దిగగానే, గాజు పడవ వరసలోకి కాకుండా స్కూబా కేంద్రం రేకుల షెడ్డు వైపు నడిచాను. వెనక నుంచి మేనేజరు "ఆంటీ, ఆంటీ" అంటూ పరుగు. షెడ్డులో శిక్షకుడు ఆ ద్వీపం మనిషే, హిందీ వచ్చు. నేను మెయిలు కాగితం, డాక్టరమ్మ సంతకం బల్ల మీద పెట్టాను. అతను మేనేజరు మార్పించిన తన జాబితాలో మా ఆయన పేరు చూపించాడు. అప్పుడు మాత్రం మా ఆయన నోరు విప్పాడు. "నేను దిగ, నాకు భయం. గా జాగా ఆమెదే," అన్నాడు. ఆ మాట నిన్న సాయంత్రమే అనొచ్చు కదా!

గొంతు లోతు నీళ్లలో సాధన మొదలైంది. గొట్టం నోట్లో పెట్టుకుని తల ముంచగానే నా ఊపిరి దానంతటదే బిగిసింది. బావిలో నేర్చుకున్న అలవాటు అది. శిక్షకుడు భుజం తట్టి పైకి లేపాడు. "ఇక్కడ ఊపిరి బిగబట్టకూడదమ్మా. అలా పైకొస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరుగుతాయి," అన్నాడు హిందీలో. మళ్లీ ముంచాను, మళ్లీ బిగిసింది. "ఇంకొక్కసారి చూస్తాను. కాకపోతే లోతుకు తీసుకెళ్లను," అన్నాడు. ఒడ్డున మేనేజరు గడియారం చూసుకుంటూ, "నేను ముందే చెప్పాను సార్," అని మా ఆయనతో అనడం నా చెవిన పడింది. ఒళ్లు మండిపోయింది. వాడి మీద కోపం సరే, నాకు వచ్చిన ఒక్క విద్యే నాకు అడ్డం పడుతోందే అని నా మీద నాకు అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

నోట్లోని రబ్బరును మళ్లీ పళ్లతో పట్టుకున్నాను. పట్టగానే తెలిసిన వస్తువులా తగిలింది. పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం ఎన్ని వేల సార్లు ఊదలేదు! తడి కట్టెలు అంటుకోవాలంటే సన్నగా, ఆపకుండా ఊదాలి, ఆపితే పొగ మొహాన కొడుతుంది. తల ముంచి, పొయ్యి ఊదినట్టే ఊదాను. బుడగలు చెవుల పక్కగా గలగలమంటూ పైకి పోయాయి. గాలి తీసుకున్నాను, మళ్లీ ఊదాను. శిక్షకుడు చేత్తో సరేనన్న గుర్తు చూపించాడు.

నీళ్లలో ఇరవై నిమిషాలున్నాం. చారల చేపలు, పగడపు గుబురు, ఒక తాబేలు అన్నీ చూశాను. వాటి గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చెప్పాల్సింది ఒక్కటే. అడుగున ఇసుక మీద చెయ్యి ఆనించినప్పుడు నా వేళ్లు, గోళ్లు, గాజులు, ఇసుక మీద వాటి నీడ అన్నీ స్పష్టంగా కనిపించాయి. ఎంతసేపు చూశానో తెలియదు. శిక్షకుడు వచ్చి నా చెయ్యి పట్టుకుని లేపాల్సి వచ్చింది.

ఒడ్డుకు రాగానే మేనేజరు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. "సూపర్ ఆంటీ! మీ ఫోటో మన గ్రూపులో పెట్టేస్తాను, మా టూర్‌కు మంచి పేరొస్తుంది."

"పెట్టు. నా పేరు మీద గీత కొట్టిన కాగితం గూడ పక్కకే పెట్టు," అన్నాను. అతను పెట్టలేదు. ఆ జాబితాను ఓడలోనే నా ఫోనులో ఫోటో తీసి ఉంచుకున్నాను. రెండూ నేనే పెట్టాను.

ఇంటికొచ్చి ఇన్ని రోజులైనా ఆ కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు. నాయినను అడుగుదాకా దింపినవాళ్లు, ఆ బావిలో నీళ్లు మాత్రం చేదుకోవద్దన్నారు. నన్నేమో నా మంచి కోసమే అంటూ అడుక్కే దిగొద్దన్నారు. వాళ్లూ వీళ్లూ మమ్మల్ని అడగకుండానే తేల్చేశారు. ఆరోజు మా ఆయన షెడ్డు బయట కూర్చుని, పడవ దిగేటప్పుడు తడిసిన నా చీర ఆరబెట్టాడు. అది ఆయన క్షమాపణ అని నాకు తెలుసు, కానీ చీర ఆరినంత తొందరగా ఇది ఆరదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. స్కూబా కేంద్రంతో మీరే నేరుగా మాట్లాడి, వాళ్ల జవాబును కాగితం మీద అచ్చు తీయించి దగ్గర పెట్టుకోండి, ఓడలో ఫోను సిగ్నలు ఉండదు. ఫారంలో "ఈత వచ్చా?" అని ఒక గడి ఉంటుంది. పెన్ను ఎవరు అందుకోబోయినా సరే, దాన్ని మీ చేత్తో మీరే నింపండి.